చదువుకు తోడు కాఫీ.. కొలువుకూ దారి!

గ్రూప్స్, బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ.. పరీక్ష ఏదైనా రాత్రి పుస్తకం తెరవగానే గుర్తొచ్చేది కాఫీ. ఆ గ్లాసు నిద్రను ఆపుతుంది సరే, మర్నాడు పరీక్ష హాల్లో రావాల్సిన జవాబులనూ ఆపేస్తోందా? అసలా పొడి ఎక్కడ తయారవుతోంది? బెజవాడకు కూతవేటు దూరంలోనే అంటే నమ్ముతారా? కాఫీ కథ, కెఫీన్ లెక్క, ఈ రంగంలోని ఉద్యోగాల గురించి తెలుసుకుందాం.

విజయవాడలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో రాత్రి పదింటి తర్వాత ఓసారి నడిచి చూడండి. టీ, కాఫీ బండ్ల దగ్గర చేతిలో నోట్సుతో నిలబడినవాళ్లు కనిపిస్తారు. హాస్టల్ గదుల్లో కెటిల్ ఒకటి, కిటికీకి వేలాడుతున్న ఇన్‌స్టంట్ కాఫీ సాచెట్ల దండ ఒకటి. ‘ఇంకో గంట చదివి పడుకుంటా’ అని కలుపుకొన్న కాఫీ ఆ గంట చదివిస్తుంది. ఆ తర్వాత పడుకుందామంటే మాత్రం కళ్లు మూతపడవు. రెండింటికి ఫోన్ చేతిలోకి వస్తుంది. ఏడింటికి లేస్తే తల బరువు, దాన్ని దించడానికి మళ్లీ కాఫీ. క్లాసులో ఆవులింతలు, సాయంత్రం ఇంకో గ్లాసు. ఇలా నెలల తరబడి సాగేవాళ్లు చాలామందే. ఇందులో తప్పు కాఫీది కాదు, దాన్ని తాగే వేళది.

పుట్టిందే జాగారం కోసం!

రాత్రి మేల్కొని ఉండటానికి కాఫీ తాగడం మనతో మొదలైంది కాదు. కాఫీ మొక్క స్వస్థలం ఇథియోపియా కొండలు. అక్కడినుంచి ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరింది. 15వ శతాబ్దంలో అక్కడి సూఫీ సాధకులు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా కాఫీ తాగేవారు. అంటే దాని తొలి ఉపయోగమే జాగారం అన్నమాట. మనుషులు గుమిగూడి కబుర్లు చెప్పుకోవడానికి కాఫీ కారణమవుతోందని 1511లో మక్కాలో దాన్ని నిషేధించారు కూడా. ఆ నిషేధం ఎంతోకాలం నిలవలేదు. 17వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి లండన్‌లో కాఫీహౌస్‌లు వెలిశాయి. ఒక పెన్నీ ఇచ్చి కాఫీ కొనుక్కుంటే చాలు.. పత్రికలు చదవొచ్చు, పండితుల వాదనలు వినొచ్చు. అందుకే వాటిని ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అనేవారు. ఇవాళ బండి దగ్గర గ్లాసు పట్టుకుని పాలిటీ బిట్లు చర్చించుకునే మిత్ర బృందాలకు వాళ్లే పూర్వీకులనుకోవచ్చు!

అప్పట్లో కాఫీ వ్యాపారానికి గుండెకాయ యెమెన్‌లోని మోఖా రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన మచిలీపట్నం నుంచి ఓడలు వెళ్లిన రేవుల్లో మోఖా కూడా ఉంది. అయితే మొక్క మాత్రం మన దేశానికి పడమటి తీరం వైపునుంచి వచ్చింది. 1670 ప్రాంతంలో మక్కా యాత్ర నుంచి తిరిగి వస్తూ బాబా బుడాన్ అనే సూఫీ సాధువు ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు దగ్గర కొండల్లో నాటారని చెబుతారు. ఆ కొండలను ఇప్పటికీ బాబా బుడాన్‌గిరి అనే పిలుస్తున్నారు.

కొండల్లో పంట.. డెల్టాలో పొడి

కృష్ణా డెల్టాలో కాఫీ పండదు. మేలురకం అరబికాకు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లటి గాలి, చెట్ల నీడ కావాలి. సముద్ర మట్టానికి కాస్తంత ఎత్తులో, మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన నేలలో వరి, పసుపు, అరటి పండాల్సిందే. రాష్ట్రంలో కాఫీ కథ తూర్పు కనుమల్లో నడిచింది. 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పుగోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో కాఫీ నాటించారు. 1920లలో అది గూడెం కొండలకు పాకింది. తర్వాత అటవీశాఖ, 1956లో ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ చేతులు కలిపాయి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ తోటలున్నాయి. సాగుచేసేది ఎక్కువగా చిన్న కమతాల గిరిజన రైతులే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ.. ఒకే నేలలో రెండు ఆదాయాలు.

2017లో ‘అరకు’ బ్రాండ్ పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో దిల్లీలో జరిగిన జీ20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ కూడా ఉంది.

మరి డెల్టా సంగతి? విజయవాడలో తెనాలి వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కండి. కృష్ణా కెనాల్ జంక్షన్ దాటాక పెదవడ్లపూడి, చిలువూరు, ఆ తర్వాత దుగ్గిరాల. పసుపు యార్డుకు పేరున్న ఊరు. ఇక్కడే సీసీఎల్ ప్రొడక్ట్స్ సంస్థకు చెందిన ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం ఉంది. చల్లా రాజేంద్రప్రసాద్ దీన్ని ప్రారంభించగా, 1990ల మధ్యలో ఉత్పత్తి మొదలైంది. కాంటినెంటల్ కాఫీ వీళ్ల బ్రాండే. అయితే అసలు వ్యాపారం ఎగుమతులది. ఇతర దేశాల్లోని కంపెనీలు తమ పేరుతో అమ్ముకునే కాఫీని తయారుచేసి పంపుతారు. సంస్థ కాఫీ 90కి పైగా దేశాలకు వెళ్తోంది. వియత్నాంలోనూ దీనికి ఫ్యాక్టరీ ఉంది. కాఫీ మొక్క ఒక్కటీ లేని ఊరు కాఫీతో ప్రపంచ పటంలోకి ఎక్కిందంటే.. పంట ఎక్కడ పండిందన్నదే కాదు, దాన్ని వస్తువుగా మార్చే నైపుణ్యం ఎక్కడుందన్నదీ ముఖ్యమేనని అర్థం. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు గమనించాల్సిన విషయం ఇదే.

గింజ నుంచి గ్లాసు దాకా

కాఫీ గింజ మన దగ్గరకు చేరేలోపు చాలా చేతులు మారుతుంది. ఒక్కో మజిలీలో ఒక్కో రకం పనివాళ్లు కావాలి.

తోటలో: వేసవి తొలి జల్లులకు తెల్లటి పూత వస్తుంది. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడతాయి. పండినవి మాత్రమే ఏరి కోయాలి. అయిదారు కిలోల పళ్లకు కిలో పచ్చి గింజలు వస్తాయి. ఇక్కడ అగ్రికల్చర్ చదివినవారికి పని ఉంటుంది. తెగుళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1869లో మొదలైన ఆకు తుప్పు తెగులు శ్రీలంకలో కాఫీ సాగును దాదాపు తుడిచిపెట్టింది. అక్కడి తోటలు తేయాకుకు మారాయి. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు కనిపించగానే అధికారులు ఉరుకులు పరుగులు పెట్టింది అందుకే.

పల్పింగ్ కేంద్రంలో: పండు తోలు తీసి, గింజకు అంటిన జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి, తేమ 10-11 శాతానికి వచ్చేదాకా ఎండబెడతారు. ఈ దశలో ఒక్కపూట అశ్రద్ధ చేసినా రుచి చెడుతుంది, రైతుకు ధర పడిపోతుంది.

రోస్టింగ్‌లో: పచ్చి గింజకు మనకు తెలిసిన కాఫీ వాసన ఉండదు. దాదాపు 200 డిగ్రీల వేడిలో వేయించినప్పుడే ఆ రంగు, పరిమళం వస్తాయి. గింజ బరువు 15-20 శాతం తగ్గుతుంది. అర నిమిషం తేడా కూడా రుచిని మార్చేస్తుంది.

ఇన్‌స్టంట్ ఫ్యాక్టరీలో: వేయించిన గింజలను పొడిచేసి, పెద్ద పెద్ద గొట్టాల్లో వేడినీటి ఒత్తిడితో డికాషన్ తీస్తారు. దాన్ని చిక్కబరుస్తారు. ఆ తర్వాత దారులు రెండు. ఎత్తయిన గోపురంలో వేడిగాలిలోకి తుంపర్లుగా చిమ్మితే నీరు ఆవిరై పొడి రాలుతుంది. ఇది స్ప్రే డ్రయింగ్. సుమారు మైనస్ 40 డిగ్రీల్లో గడ్డకట్టించి, ముక్కలు చేసి, గాలి తీసేసిన గదిలో మంచును నేరుగా ఆవిరిగా మారిస్తే ఫ్రీజ్ డ్రయింగ్. వాసన ఎక్కువగా నిలిచేది రెండో పద్ధతిలో. ఖర్చూ దానికే ఎక్కువ.

కప్పులో ఏముంది?

1819లో జర్మనీకి చెందిన రూంగె అనే పాతికేళ్ల యువ రసాయన శాస్త్రవేత్తకు కవి గెథే కొన్ని కాఫీ గింజలిచ్చి, ‘ఇందులో ఏముందో చూడు’ అన్నారట. అలా బయటపడిందే కెఫీన్.

ఇది శక్తినిచ్చే పదార్థం కాదు. మరి నిద్ర ఎలా ఆపుతుంది? మెలకువగా ఉన్నంతసేపూ మన మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంటుంది. అది తన కోసం ఉన్న సీట్లలో కూర్చుంటే మగత కమ్ముతుంది. కెఫీన్ రూపం అడినోసిన్‌ను పోలి ఉంటుంది. అందుకే రైల్లో కర్చీఫ్ వేసి సీటు ఆపుకొన్నట్టు అది ముందే వెళ్లి ఆ సీట్లలో కూర్చుంటుంది. మగత ఆగుతుంది. కానీ ప్లాట్‌ఫాం మీద అడినోసిన్ జనం పెరుగుతూనే ఉంటారు. కెఫీన్ లేచిన మరుక్షణం అందరూ ఒక్కసారిగా ఎక్కేస్తారు. కాఫీ దిగిపోయాక ముంచుకొచ్చే నీరసం అదే. అంటే కాఫీ అలసటను తీర్చదు, వాయిదా వేస్తుంది.

తాగిన అరగంట నుంచి గంటలోపు దీని ప్రభావం గరిష్ఠానికి చేరుతుంది. ఒంట్లో సగం కరిగిపోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి 100 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటే తెల్లవారుజామున మూడింటికి ఇంకా 50, ఉదయం ఎనిమిదింటికి 25 మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి. ఈ వేగం మనిషినిబట్టి మారుతుంది. రాత్రి కాఫీ తాగి హాయిగా పడుకునే మీ రూమ్మేట్‌ను చూసి మీరూ అలాగే చేయొద్దు. పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గుతోందని 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది.

ఇదంతా మార్కులకు ఎందుకు ముడిపడి ఉందంటే.. పగలు చదివినదాన్ని మెదడు స్థిరపరచుకునేది నిద్రలోనే. రాత్రి రెండు గంటలు అదనంగా చదవడానికి నిద్రను ఖర్చుచేస్తే చదివింది చేతికందకుండా పోవచ్చు. ‘చదివాను, హాల్లో గుర్తురాలేదు’ అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

పరీక్షల వేళ కాఫీ లెక్క

- ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఫర్వాలేదని నిపుణుల అంచనా. ఒక చెంచా ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 60, డికాషన్ చిక్కదనాన్నిబట్టి ఫిల్టర్ కాఫీలో 80-120, కప్పు టీలో 30-50 మిల్లీగ్రాములు ఉంటాయి. టీ, కూల్‌డ్రింక్, ఎనర్జీ డ్రింక్ అన్నీ కలిపే లెక్కేసుకోవాలి.

- పదకొండింటికి పడుకోవాలనుకుంటే చివరి కాఫీ సాయంత్రం నాలుగు లోపే.

- మధ్యాహ్నం మగతగా ఉంటే కాఫీ తాగిన వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయండి. లేచేసరికి కెఫీన్ పని మొదలుపెడుతుంది.

- పరీక్ష రోజున ప్రయోగాలు వద్దు. రోజూ తాగేవాళ్లు అదే గ్లాసు, అదే వేళకు తాగండి. అలవాటు లేనివాళ్లు ఆరోజే మొదలుపెట్టకండి. ఇంటర్వ్యూకీ ఇదే సూత్రం. కంగారుకు కెఫీన్ తోడైతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది.

- రోజూ తాగే అలవాటును ఒక్కసారిగా ఆపేస్తే 12-24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. కాబట్టి పరీక్షల వారంలో మానేయొద్దు. ముందే కొద్దికొద్దిగా తగ్గించుకోండి.

- భోజనంతో పాటు కాఫీ, టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటపట్టదు. రక్తహీనత ఉన్న అమ్మాయిలు భోజనానికీ కాఫీకీ మధ్య కనీసం గంట ఎడం పాటించాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. గుండె దడ, తీవ్రమైన ఆందోళన, ఎసిడిటీ ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగాలి.

- ఎనర్జీ డ్రింకుల్లో కెఫీన్ లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉండాలన్నది మనదేశంలో నిబంధన. వీటిలో చాలావాటిలో చక్కెర కూడా ఎక్కువే. రెండు మూడు క్యాన్లు తాగి రాత్రంతా కూర్చోవడం తెలివైన పనికాదు.

- కాఫీపొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ శాతం చూడండి. మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. చికోరీలో కెఫీన్ ఉండదు. ‘మా గదిలో పొడి ఎంత తాగినా నిద్రే వస్తోంది’ అనేవాళ్లు ఆ అంకె ఓసారి చదవండి!

ఏ చదువుకు ఏ దారి?

ఇంటర్ ఎంపీసీ తర్వాత: బీటెక్ ఫుడ్ టెక్నాలజీ. బాపట్లలో ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఈ కళాశాల ఉంది. గుంటూరు దగ్గర వడ్లమూడిలోని విజ్ఞాన్ విశ్వవిద్యాలయంలోనూ కోర్సు ఉంది. ఉత్పత్తి, నాణ్యత, కొత్త రకాల అభివృద్ధి విభాగాల్లో చేరొచ్చు. ఈ డిగ్రీతో ప్రభుత్వ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకూ అర్హత వస్తుంది.

బీఎస్సీ వాళ్లకు: కాఫీ బోర్డు ఏడాది కాలవ్యవధితో పీజీ డిప్లొమా ఇన్ కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్ నిర్వహిస్తోంది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ సైన్స్, అగ్రికల్చర్ వంటి సబ్జెక్టులతో డిగ్రీ చేసినవారు అర్హులు. కొంతకాలం కర్ణాటకలోని బాలెహొన్నూరు పరిశోధన సంస్థలో, మిగతాది బెంగళూరులో శిక్షణ. ఇది చేసినవారు కప్ టేస్టర్లుగా, నాణ్యత నిపుణులుగా స్థిరపడొచ్చు. కాఫీని రుచిచూసి వందకు మార్కులేయడం వీళ్ల పని. 80 దాటితే స్పెషాలిటీ కాఫీ. అంతర్జాతీయంగా పేరున్న ‘క్యూ గ్రేడర్’ గుర్తింపు తెచ్చుకుంటే విదేశీ కొనుగోలుదారుల దగ్గరా మీ మాటకు విలువ ఉంటుంది.

డిప్లొమా, ఐటీఐ, కెమికల్, మెకానికల్ వాళ్లకు: ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారమంటే బాయిలర్లు, ఆవిరి, శీతలీకరణ యంత్రాలు, ప్యాకింగ్ లైన్లు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసినవాళ్లు లేకుండా ఒక్క షిఫ్టూ నడవదు. బాయిలర్ నిర్వహణ ధ్రువపత్రం ఉన్నవారికి అదనపు బలం.

బీకాం, ఎంబీఏ వాళ్లకు: ఎగుమతి పత్రాలు, విదేశీ మారకం, కొనుగోళ్లు చూసే ఉద్యోగాలున్నాయి. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్లో అరబికా ధర పౌండుకు నాలుగు డాలర్లు దాటింది. ఇలాంటి ఒడుదొడుకుల్లో ఎప్పుడు కొనాలో చెప్పగలిగేవారికి గిరాకీ ఉంటుంది.

సొంతంగా చేయాలనుకుంటే: కాఫీ బోర్డు ‘కాపీ శాస్త్ర’ పేరుతో రోస్టింగ్, కాఫీ తయారీపై స్వల్పకాలిక శిక్షణ ఇస్తోంది. బరిస్తాగా చేరినా, చిన్న రోస్టింగ్ యూనిట్ పెట్టినా ఇది పునాది. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ పథకం గడువు, నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి.

ఒక్కమాట సూటిగా చెప్పుకోవాలి. ఈ రంగంలో వేల పోస్టులతో నోటిఫికేషన్ పడదు. మొదటి జీతం ఐటీ ఆఫర్ లెటర్‌లా మెరవదు. షిఫ్టులుంటాయి. కానీ పోటీ కూడా లక్షల్లో ఉండదు. చేతిలో పని నేర్చుకున్నవాళ్లు పాలు, చాక్లెట్, మసాలాలు, మందుల కంపెనీలకూ మారిపోవచ్చు. ప్రిపరేషన్ సాగిస్తూనే రెండో దారిగా దీన్ని అట్టిపెట్టుకోవడంలో నష్టం లేదు.

పోటీ పరీక్షల కోసం..

- కాఫీ బోర్డు: 1942 కాఫీ చట్టం కింద ఏర్పడింది. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ పరిధి. కేంద్ర కార్యాలయం బెంగళూరు.
- కేంద్ర కాఫీ పరిశోధన సంస్థ: బాలెహొన్నూరు, 1925.
- దేశంలో అత్యధిక ఉత్పత్తి: కర్ణాటక. తర్వాత కేరళ, తమిళనాడు.
- ప్రపంచంలో మొదటి స్థానం బ్రెజిల్, రెండోది వియత్నాం.
- 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీలు: కూర్గ్ అరబికా, వయనాడ్ రోబస్టా, చిక్కమగళూరు అరబికా, బాబా బుడాన్‌గిరీస్ అరబికా, అరకు వ్యాలీ అరబికా.
- కెఫీన్ ఎక్కువ ఉండేది రోబస్టాలో. అరబికా కంటే దాదాపు రెట్టింపు.
- ప్రపంచ కాఫీ సదస్సు ఆసియాలో తొలిసారి 2023 సెప్టెంబరులో బెంగళూరులో జరిగింది.
- అంతర్జాతీయ కాఫీ దినోత్సవం: అక్టోబరు 1.

ఈ రాత్రి పదకొండింటికి కెటిల్ స్విచ్ మీదకు చేయి వెళ్తే ఒక్క క్షణం ఆగండి. ఆ సాచెట్ వెనక్కి తిప్పి ఎక్కడ తయారైందో చదవండి. చదివి, పక్కన పెట్టేయండి. రేపు పొద్దున తాగొచ్చు. ఈలోగా మీరు పడుకుంటే, ఇవాళ చదివిన పాఠం మీ తలలో తన పని తాను చేసుకుపోతుంది.